ఇన్‌రే చేతి మచ్చ

ఆ శుక్రవారం పొద్దున మా బావ తేసొప్ నా ఎండుచేపల కొట్టు ముందు నిలబడేసరికి ఆయన దగ్గర ఉన్న సరుకు ఇది: గుడ్డలో మూట కట్టిన బేరిపళ్ళ పెట్టె, దేశమంతా గుర్తుపట్టే మొహం, సియోల్‌లో ఒక పెద్ద క్రైస్తవ సంఘం వాళ్ళు వచ్చే నెల సాక్ష్యం చెప్పమని పంపిన పిలుపు. లేనిది పెళ్ళాం ఒక్కతే. ఆమె నా కొట్టు వెనక గదిలో కూర్చుని నెత్తళ్ళనే చిన్న చేపల తలలు గిల్లుతోంది.

"తలుపుకి అడ్డంగా నిలబడకండి బావా. గిరాకీ వచ్చే వేళ" అన్నాను.

"ఒక్కసారి పిలవండి బావగారూ. పళ్ళు తెచ్చాను."

ఆయన గొంతు దిగిపోయి ఉంది. ఆ గొంతే కదా ఒకప్పుడు ప్రతి సాయంత్రం ఇంటింటా టీవీలోంచి మోగింది. నేను లోపలికి కేకేశాను.

"ఇన్‌రే! మీ ఆయన వచ్చాడు."

"ఏ ఆయన?" అంది నా చెల్లెలు లోపల్నుంచి. "నన్ను కొట్టిన ఆయనా, కొట్టని ఆయనా?"

పక్క కొట్లో ఉప్పు రొయ్యలమ్మే అవ్వ గరిటె ఆపేసింది.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ అవ్వ ఐదు రోజులుగా నా చెల్లెలికి రోజూ గిన్నెడు జావ తెచ్చిస్తోంది. ఇచ్చేటప్పుడు నావైపు ఒక చూపు చూస్తోంది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. కేకేస్తే వినబడేంత దూరంలో అన్న ఉండి కూడా చెల్లెల్ని మొగుడి చేతి దెబ్బలకు వదిలేశాడని. రేవు బజారులో ఇన్నేళ్ళ నుంచి వ్యాపారం చేస్తున్నాను. తూకం తక్కువని కూడా నన్నెవరూ అనలేదు.

ఇదంతా పోయిన ఆదివారం మధ్యాహ్నం, రెండు కుటుంబాలూ మొదటిసారి ఎదురెదురుగా కూర్చున్న భోజనం దగ్గర మొదలైంది. మా మేనకోడలు యేరిమ్ పెళ్ళి మాటలు. మా నాన్న లేడు కాబట్టి పెద్దరికం నాది. వేపిన చేప వచ్చేదాకా అంతా సవ్యంగానే నడిచింది. అప్పుడు కాబోయే వియ్యపురాలు బల్ల మీదుగా చెయ్యి చాపి ఇన్‌రే చేతిని తీసుకుంది. రవిక చెయ్యి పైకి లాగింది. మణికట్టు నుంచి మోచేతి దాకా పాకిన పాత కాలిన మచ్చని వేళ్ళతో నిమిరింది.

"ఇదేనా తల్లీ అది? మీ ఆయన సాక్ష్యం ఫోనులో చూశాను. తాగొచ్చి మరిగే కూర కుండ నీ మీద విసిరాడని ఆయనే చెప్పుకుంటూ ఏడ్చాడు కదా. ఏడ్చి ఏడ్చి నాకు కళ్ళు వాచాయి. అలాంటివాణ్ణి క్షమించి పాస్టరుని చేశావు. నీ కూతురు నా ఇంటికి రావడం నా భాగ్యం."

ఆవిడ నిమిరినంతసేపూ ఇన్‌రే చెయ్యి అలాగే ఉంచింది. రవిక చెయ్యి మెల్లగా కిందికి లాక్కుంది. మా బావ చేప ముళ్ళు తీస్తూ కూర్చున్నాడు. ఒక్క ముల్లు కూడా మిగలకుండా తీశాడు.

బయటికి వచ్చాక ఇన్‌రే తమ కారువైపు వెళ్ళలేదు. నా వ్యానులో నెత్తళ్ళ బస్తాల మధ్య ఎక్కి కూర్చుంది.

మా బావ గురించి తెలియనివాళ్ళు తక్కువ. హాస్య ధారావాహికలో తాగుబోతు ఇల్లరికపు అల్లుడి వేషం ఆయనది. రోజూ సాయంత్రం తూలుతూ ఇంటికొచ్చేవాడు. అందులో పెళ్ళాం చీపురు పట్టుకుని "తాగావా?" అని అడిగేది. ఈయన నిటారుగా నిలబడి, చెయ్యెత్తి, "ఒట్టు! ఒక్క చుక్క ముట్టలేదు!" అని, పచ్చడి జాడీల మీద పడేవాడు. ఆ మాట పిల్లల నోళ్ళలో, బస్సు డ్రైవర్ల నోళ్ళలో నలిగింది. అసలు సంగతి ఏమిటంటే ఈయనకి మద్యం పడదు. గ్లాసులో పోసేది బార్లీ నీళ్ళు. నా పెళ్ళినాడు సగం గిన్నె బియ్యపు కల్లు తాగి, మిరపపండులా ఎర్రబడి, పెళ్ళివారి చెప్పుల పక్కన పడి నిద్రపోయాడు. దాని తర్వాత ఏనాడూ ముట్టలేదు.

"తాగి కొట్టానని ఎందుకన్నారు బావా?" అని అడిగాను. పెట్టె ఆయన చేతిలోనే ఉంది, నేను అందుకోలేదు.

"మొదట అబద్ధం చెప్పలేదు బావగారూ. పాస్టరు పట్టా తీసుకున్న కొత్తలో ఒక ఊళ్ళో సాక్ష్యం చెప్పమన్నారు. నేను పాపిని అన్నాను. ఎవరూ కదల్లేదు. దగ్గులు వినబడుతున్నాయి. 'నేనెలాంటివాణ్ణో మీకు తెలుసు కదా' అన్నాను. అంతే, హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. వాళ్ళు తాగుబోతు మారాడని చూడ్డానికి వచ్చారు. నేను తలూపానంతే."

"తర్వాత?"

"తర్వాతి ఊళ్ళో కథలో గ్లాసొకటి పెట్టాను. ఆ తర్వాతి ఊళ్ళో ఇన్‌రే మీద చెయ్యి లేపాను. ఏ మాట తర్వాత ఎంతసేపు ఆగితే జనం ఏడుస్తారో నాకు తెలుసు. బతుకంతా చేసిన పని అదే కదా. చివరికి..."

"చివరికి కుండ విసిరారు. నా చెల్లెలి మీద."

"మాటల్లోనే కదా బావగారూ!"

అవ్వ గరిటెతో జాడీ అంచు మీద టంగుమని కొట్టింది.

ఆ మచ్చ సంగతి నాకంటే తెలిసినవాళ్ళు లేరు. అది నా పెరట్లోనే పడింది. వాళ్ళకు పెళ్ళయిన ఏడాది, ఈయనకి వేషాలు లేవు. ఇద్దరూ నాకు సాయం వచ్చేవాళ్ళు. నెత్తళ్ళు ఉడకబెట్టే ఉప్పునీళ్ళ బాన చెవి ఊడి, మరుగుతున్న నీళ్ళు ఆమె చేతి మీద పడ్డాయి. ఈయన ఆమెని వీపు మీద ఎత్తుకుని మిట్ట మీది ఆసుపత్రి దాకా పరిగెత్తాడు. దారిలో ఒక చెప్పు పోయింది. అక్కడ ఎంత గోల పెట్టి ఏడ్చాడంటే, నర్సు ముందు ఈయన్ని కూర్చోబెట్టి నీళ్ళు తాగించి, ఆ తర్వాత ఆమె కట్టు మొదలుపెట్టింది.

"వీపు మీద మోసుకెళ్ళారు కదా. అది చెప్పచ్చుగా?"

ఆయన తల దించుకున్నాడు. "అది సాక్ష్యం కాదు బావగారూ. మామూలు మొగుడెవడైనా చేసే పని."

చెడ్డ సరుకును మంచిదని అంటగట్టేవాళ్ళను ఈ రేవులో కావలసినంతమందిని చూశాను. మంచి సరుకును చెడ్డదని చెప్పి అమ్ముకున్నవాణ్ణి మాత్రం ఈయన్నే చూశాను. పైగా ఆ సరుకు ఆయనొక్కడిదే కాదు.

ఇన్‌రే చేట పట్టుకుని బయటికి వచ్చింది. వేళ్ళకి పొలుసులు అంటుకుని ఉన్నాయి.

"చెప్పండి అయ్యగారూ" అంది.

పెళ్ళయి యేరిమ్ పుట్టినప్పటి నుంచి ఆయన్ని "యేరిమ్ నాన్నా" అనే పిలిచింది. అయ్యగారు అనేది సంఘం వాళ్ళ పిలుపు. ఆ మాట వినగానే ఆయన చేతిలో పెట్టె కిందికి జారింది.

"ఇంటికి రా. అక్కడ మాట్లాడుకుందాం."

"ఇంట్లో మాట్లాడుకునేది ఏముంది? ఇంట్లో నన్నెవరూ కొట్టలేదుగా. కొట్టింది వేదిక మీద. అక్కడే మాట్లాడండి."

"మాట్లాడతాను. ఒట్టు. పెద్ద సంఘం సభ ఒకటి ఒప్పుకున్నాను, అదవనీ. తర్వాత మెల్లగా, నొప్పించకుండా..."

"ఆ సభకు చాలామంది వస్తారా?"

"హాలు నిండుతుంది."

"అయితే హాలు నిండా జనం ముందు ఇంకోసారి నన్ను కొట్టి, తర్వాత మెల్లగా చెబుతారన్నమాట."

మాట తడుముకోవడం ఆయన వృత్తిలో లేదు, ఆ రోజు తడుముకున్నాడు.

"నాకు పగ లేదు" అంది ఇన్‌రే. "మీరు క్షమాపణ చెప్పక్కర్లేదు. నా చెయ్యి నాకు కావాలి. ఈ చేతితో ఇన్నేళ్ళు బజారులో డబ్బు తీసుకున్నాను, పిల్లని పెంచాను. ఇప్పుడు దీన్ని చూసినవాళ్ళందరికీ మీరే కనబడుతున్నారు. ఎవరి ముందు పోగొట్టారో వాళ్ళ ముందే తిరిగి తెచ్చివ్వండి. ఆ రోజు ఇంటికొస్తాను."

చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన పెట్టెని ఎండుచేపల కట్టల పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం యేరిమ్ వచ్చింది. వస్తూనే తల్లి పక్కన నేల మీద కూలబడింది.

"అమ్మా, పెళ్ళయ్యేదాకా ఆగవా?"

ఇన్‌రే తలలు గిల్లుతూనే ఉంది.

"కాబోయే అత్తగారికి మొదట ఈ సంబంధం ఇష్టం లేదమ్మా. వేషాలు వేసే ఇల్లు అంది. నాన్న సాక్ష్యం చూశాకే మనసు మార్చుకుంది. ఇప్పుడదంతా అబద్ధమంటే ఏమనుకుంటుంది? అబద్ధాల కొంప అనదా?"

"నువ్వెప్పుడైనా మీ నాన్న తాగగా చూశావా?"

"నాన్నా? దగ్గుమందు తాగితే బస్సు దిగాల్సిన చోటు దాటిపోతాడు."

నవ్వొచ్చింది ఇద్దరికీ. నవ్వు మొదలై, అక్కడే ఆగిపోయింది.

"మరి నీ అత్తగారు అడిగితే ఏం చెబుతావే? మా నాన్న మా అమ్మని కొట్టేవాడనా?"

యేరిమ్ నెత్తళ్ళ కుప్పలోంచి ఒకటి తీసి, దాన్నే చూస్తూ కూర్చుంది. "నేనేం చెప్పనమ్మా. ఆవిడ అడగదు. అడగనివి చెప్పకపోతే పెళ్ళి అయిపోతుంది."

"అలాగే ఇంతదాకా వచ్చింది" అంది ఇన్‌రే.

ఆదివారం నేను కొట్టు మూసి, చెల్లెల్ని తీసుకుని ఆయన సంఘానికి వెళ్ళాను. అది పెద్ద గుడి కాదు. బిలియర్డ్స్ ఆడే గది పైన మూడో అంతస్తు. ఆరాధన జరుగుతుంటే కింద బంతులు తగిలే చప్పుడు వినబడుతుంది. మేం చివరి వరసలో కూర్చున్నాం. ముందు వరసలో యేరిమ్, ఆ పక్కన కాబోయే వియ్యపురాలు, ఆమె భర్త ఉన్నారు. వాళ్ళని ఆయనే పిలిచాడని యేరిమ్ మొహం చూస్తే తెలిసింది. అది తెల్లగా పాలిపోయి ఉంది.

పాటలయ్యాయి. మా బావ నల్ల అంగీలో వేదిక ఎక్కాడు. బైబిలు తెరవలేదు. బల్ల అంచులు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఈ రోజు ప్రసంగం లేదు" అన్నాడు. "మీకు నేనొక నిజం చెప్పాలి. నేను సాక్ష్యాల్లో చెప్పింది జరగలేదు. నా భార్యని నేనెప్పుడూ కొట్టలేదు. తాగి ఇంటికి రాలేదు. నేను తాగుబోతుని కాదు. దేవుడి మీద ప్రమాణం, ఇన్నేళ్ళలో ఒక్క చుక్క ముట్టలేదు."

హాలు ఒక్కసారిగా పగలబడి నవ్వింది.

నవ్వరా మరి? అదే గొంతు. అదే మాట. బల్ల అంచు పట్టుకున్న చేతుల్లో ఒకటి తెలియకుండానే పైకి లేచింది కూడా. ఒకాయన "ఆమెన్!" అని అరిచాడు. ముందు వరస ముసలావిడ కళ్ళు తుడుచుకుంటూ పక్కావిడని మోచేత్తో పొడిచింది. కాబోయే వియ్యపురాలు కూడా నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నవ్వకండి" అన్నాడాయన. "నేను నిజంగానే చెబుతున్నాను. ఒట్టు."

ఇంకా నవ్వారు.

ఆయన నుదుట చెమట పట్టింది. జనం నవ్వేదాకా ఎలా ఆగాలో తెలిసిన మనిషి, నవ్వుతుంటే ఎలా ఆపాలో తెలియక నిలబడిపోయాడు. నేను కళ్ళు దించుకున్నాను. నా పక్కన కుర్చీ కిర్రుమంది.

ఇన్‌రే లేచింది. నడవ మధ్యలోంచి నడిచి ముందుకు వెళ్ళింది. వేదిక ఎక్కలేదు. జనంవైపు తిరిగి, రవిక చెయ్యి మోచేతి దాకా మడిచింది. నవ్వు ఒక్కొక్క వరసలో ఆరిపోతూ వచ్చింది.

"ఇది ఉప్పునీళ్ళ బాన పడి కాలిన మచ్చ. అదుగో, వెనక కూర్చున్న మా అన్నయ్య పెరట్లో నెత్తళ్ళు ఉడకబెడుతుంటే పడింది. ఈ మనిషి నన్ను వీపు మీద వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. ఒక చెప్పు పోగొట్టుకున్నాడు. నాకంటే ఎక్కువ ఏడ్చాడు. ఆ రోజు ఈయన మంచివాడు. ఆ రోజుని మీకు మార్చి అమ్మాడు. అందుకే వారం నుంచి నేను ఈయన ఇంట్లో లేను."

కింద బిలియర్డ్స్ బంతి ఒకటి దేనికో తగిలింది. ఆ చప్పుడు అందరికీ వినబడింది.

కాబోయే వియ్యపురాలు లేచి నిలబడింది. "మరి నేను నీ చెయ్యి పట్టుకుని ఏడ్చినప్పుడు ఎందుకు ఊరుకున్నావు? నన్ను వెర్రిదాన్ని చేద్దామనా?"

యేరిమ్ ఆవిడ చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది.

ఇన్‌రే రవిక చెయ్యి దించుకుంది. ఆమె మెడ దాకా ఎరుపెక్కింది.

"ఈ చెయ్యి కాలినప్పటి నుంచి దీన్ని అలా నిమిరినవాళ్ళు లేరు" అంది. "పని మధ్యలో ఎవరికి తీరుతుంది? మీరు నిమిరారు. అబద్ధం మీద వచ్చిన జాలి అని తెలుసు. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను. అది నా సిగ్గు. ఆయన సిగ్గులో కలపకండి."

ఆవిడ కూర్చోలేదు.

సంఘ పెద్ద కూ గారు గొంతు సవరించుకుని, ఎలాగైనా ముగించాలని "దీవెన కోసం అందరం లేచి నిలబడదాం" అన్నాడు. అందరూ లేచి తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. మా దగ్గర చివరి దీవెన ఇవ్వడానికి పట్టా పొందిన పాస్టరు మాత్రమే చేతులెత్తాలి. పెద్దలైనా సరే, వేరొకరు ఎత్తకూడదు. అది లేకుండా జనం కదలరు.

ఆయన చేతులు లేవలేదు.

"అయ్యగారూ, చేతులు" అని గుసగుసలాడాడు కూ గారు. "చేతులెత్తండి."

"ఈ చేతులతోనా?" అన్నాడు మా బావ. మైకు ఆ మాటని పట్టుకుంది.

తలలు వంచుకున్నవాళ్ళు అలాగే నిలబడ్డారు. చిన్నపిల్ల ఎవరో "అయిపోయిందా?" అని అడిగితే తల్లి నోరు మూసింది. ఒక్కొక్కళ్ళూ కళ్ళు తెరవడం మొదలుపెట్టారు. ముందుగా కదిలింది కాబోయే వియ్యపురాలే. నడవలో ఇన్‌రేని దాటేటప్పుడు ఒక క్షణం ఆగి ఆ చేతివైపు చూసింది. ముట్టుకోలేదు. వంటగదిలో అందరికీ వండిన సేమ్యా పులుసు తినకుండా భర్తతో మెట్లు దిగి వెళ్ళిపోయింది. యేరిమ్ వెనకాల పరిగెత్తి, మెట్ల మలుపు దగ్గర ఆగిపోయింది.

ఇన్‌రే నా వ్యాను ఎక్కింది. ఆయన వైపు చూడలేదు.

సోమవారం పొద్దున కొట్టు తెరిచేసరికి ఆయన గుమ్మం ముందున్నాడు. చేతులు ఖాళీ. మొహం కూడా ఎవరూ గుర్తుపట్టని మొహంలా ఉంది. అవ్వ ఆయన్ని చూసి జాడీలు సర్దుకుంది. ఆ రోజు నావైపు చూడలేదు, అది చాలు నాకు.

ఆయన వెనక గదిలోకి వెళ్ళి, ఇన్‌రేకి ఎదురుగా నేల మీద కూర్చుని, నెత్తళ్ళు గిల్లడం మొదలుపెట్టాడు. పాత పనే, చెయ్యి మరిచిపోలేదు. ఇద్దరి మధ్యా కుప్ప. నేను గుమ్మంలో నిలబడి కట్టలు కడుతున్నట్టు నటించాను.

"పెద్ద సంఘం వాళ్ళు ఫోను చేశారు" అన్నాడు, కుప్ప సగమయ్యాక.

"రావద్దన్నారా?" అన్నాను.

"రమ్మన్నారు. ఎవరో నిన్నటిది ఫోనులో పట్టి పంపారట. ఇది ఇంకా గొప్ప సాక్ష్యం అయ్యగారూ, ఇదే వచ్చి చెప్పండి అన్నారు."

ఇన్‌రే వేళ్ళు ఆగాయి. "మీరేమన్నారు?"

ఆయన సిగ్గుతో కుంచించుకుపోయాడు. "వద్దని నోరు రాలేదు. ఆలోచించి చెబుతానన్నాను."

ఆమె ఆయన్ని చాలాసేపు చూసింది. అబద్ధం చెప్పి ఉంటే లేచి వెళ్ళిపోయేదే. లేవలేదు. చెయ్యి చాపి, మూలనున్న బేరిపళ్ళ పెట్టె మూట విప్పింది. ఒక పండు చెక్కు తీసి ముక్క నోట్లో వేసుకుంది.

"చేపల కంపు పట్టేసింది" అంది. ఇంకో ముక్క కత్తి మొన మీద పెట్టి ఆయన ముందుకు తోసింది. ఆయన తిన్నాడు.

అప్పుడు ఫోను మోగింది. ఇన్‌రే తన ఫోను చూసి, నేల మీద ఆయన వైపు జరిపింది. తెర మీద కాబోయే వియ్యపురాలి పేరు వెలుగుతోంది. పెళ్ళి ఉందో పోయిందో అందులో ఉంది. ఆయన ఫోనుని చూశాడు, నన్ను చూశాడు. ముందుగా తయారు చేసుకున్న మాట ఒక్కటీ లేదని ఆ కళ్ళే చెబుతున్నాయి.

"యేరిమ్ నాన్నా, ఎత్తు" అంది ఇన్‌రే.

ఆయన చెయ్యి తుడుచుకుని ఫోను అందుకున్నాడు. అవతల ఏం మాట వస్తుందో నాకు తెలియదు. ఆయన చేతిలోకి వచ్చింది మాత్రం నేను చూశాను. ఇంతమంది ముందు ఇంత సిగ్గుపడి, పేరు పోగొట్టుకుని, దీవించలేని చేతులతో దిగి వచ్చాక ఆయనకి మిగిలిన లాభం 'యేరిమ్ నాన్నా' అన్న ఆ పిలుపు ఒక్కటే. నేనైతే ఆ బేరం చేసేవాణ్ణే.